ఆదివారాల ఫిర్యాదు

పోయిన నెల పుత్తూరు బస్టాండు మలుపులో ఒక ఫ్లెక్సీ చూశాను. పైన కన్నీటి నివాళి అని, చుట్టూ రంగుపూలు, రెండు పక్కలా రెండు దీపాలు, మధ్యలో ఆమె. ఫోటో ఎక్కడిదో చూడగానే తెలిసింది. ఫ్యాక్టరీ గుర్తింపు కార్డుది. మెడ దగ్గర నీలం పట్టీ అంచును కత్తిరించడం మరిచిపోయారు. పచ్చకామెర్లు ముదిరి పోయిందని పక్కన టీకొట్టాయన చెప్పాడు. ముప్పై ఆరేళ్లుంటాయేమో. ఫోటో కింద పెద్ద అక్షరాలతో పేరు.

ఆ పేరు ఆమెది కాదు.

అచ్చుతప్పు కనబడితే చెయ్యి ఊరుకోని జాతి నాది. పెళ్లిపత్రిక చేతికిస్తే ముహూర్తం కంటే ముందు దీర్ఘాలు చూస్తాను. ఆ ఫ్లెక్సీ ముందు మాత్రం చాలాసేపు ఊరికే నిలబడ్డాను. తప్పు తెలుసు. దిద్దితే ఏది ఒప్పవుతుందో తెలియలేదు. ఆమెకున్న రెండు పేర్లూ నాకు తెలుసు. రెండూ ఇక్కడ రాయను.

పుత్తూరు కోర్టుకు ఎదురుగా నాదొక టైపింగు అంగడి. మా ఊరికి విరిగిన చేతులూ కాళ్లూ పట్టుకొని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, కట్టు కట్టించుకొని పోతారు. కోర్టు పనిమీద వచ్చినవాళ్లు నా దగ్గరికి వస్తారు, కట్టుకథ టైపు చేయించుకొని పోతారు. ఊరికి పేరు తెచ్చింది మొదటి కట్టే. లాయర్లకు బార్ ఉంటుంది, నాకున్నది స్పేస్ బార్. ఇరవై రెండేళ్లుగా అక్షరాలా బతుకుతున్నాను. అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఆమె మొదటిసారి వచ్చింది ఒక మంగళవారం, సాయంత్రం నాలుగు దాటాక. శ్రీసిటీ ఫ్యాక్టరీల నుంచి ఉదయం షిఫ్టువాళ్లను బస్సు దించిపోయే వేళ అది. నీలం యూనిఫాం మీద చున్నీ కప్పుకొని గడప దగ్గర నిలబడింది. స్టూలు చూపించాను.

"వద్దన్నా. కూసుంటే నిద్దరొస్తాది," అంది.

తర్వాత మూడేళ్లలో ఆమె నా అంగడిలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. నిలబడి చేసే పని ఆమెది. సెల్‌ఫోన్ అద్దాలను ఒక్కొక్కటిగా దీపం కింద పట్టి, అటూ ఇటూ వంచి, గీత ఉంటే పక్కన పడేయాలి, లేకపోతే ముందుకు పంపాలి. ఆ అలవాటు చేతుల్లో ఉండిపోయింది. నేను ఏ కాగితం ప్రింటు తీసిచ్చినా, చదవకముందే దాన్ని ట్యూబులైటు కిందికి ఎత్తి వాలుగా తిప్పి చూసేది. అప్పుడు తీర్పు. "పాస్" అనో, "రిజెక్ట్" అనో. నా కాగితాలు ఎక్కువగా రిజెక్టే. ఏ జడ్జీ నా టైపింగును అంత శ్రద్ధగా చూసిన పాపాన పోలేదు.

ఇంకొక వింత కూడా గమనించాను. రోడ్డు మీద నుంచి తోటి పనివాళ్లు పేరు పెట్టి పిలిస్తే ఆమె ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగేది. పిలుపు చెవిదాకా వచ్చి, ఆమెకోసమేనా అని కనుక్కొని, అప్పుడు లోపలికి వెళ్లినట్టు ఉండేది. చెవులు కాస్త మందమేమో అనుకున్నాను. మందం నా బుర్రది.

ఆ మొదటి మంగళవారం ఆమె అడిగింది ఇది:

"అన్నా, బ్లాక్‌మెయిలుకు అర్జీ ఎట్ట రాస్తారు?"

"ఎవురమ్మా చేస్తాండేది?"

"అది తరవాత. ముందు ఎట్ట రాస్తారో సెప్పు."

నా కంప్యూటర్లో లోకంలోని కష్టాలన్నిటికీ నమూనాలున్నాయి. పేరూ ఊరూ మారిస్తే చాలు. నమూనా తెరిచాను. "మొదట నీ పేరు రాయల్ల."

కొంచెం ఆలోచించింది. "ఖాళీ పెట్టు."

"ఏమని బెదిరించినాడో రాయల్ల."

"అదీ ఖాళీ పెట్టు."

"బెదిరించి ఏం తీసుకున్నాడో రాయల్ల."

దీనికి మాత్రం ఆలోచించలేదు. "ఆదివారాలు," అంది.

పేరు లేని అర్జీని ఏ పేరుతో దాచాలో తెలియక, ఆ ఫైలుకు 'ఆదివారం' అని పేరు పెట్టాను. నెలకొకసారో రెండుసార్లో వచ్చి, తెరిపించి, చదివించుకొని, ఒక మాట మార్పించుకొని వెళ్లిపోయేది. 'బలవంతముగా' తీసేసి 'భయము చేత' పెట్టించింది. మరోసారి 'భయము చేత' తీసేసి 'వేరే దారి లేక' పెట్టించింది. ఖాళీలు మాత్రం ఖాళీగానే ఉండేవి. ఆ మార్పులకు నేను డబ్బు అడగలేదు. ఆమె ఊరికే ఉండలేదు. వచ్చినప్పుడల్లా నా కీబోర్డును ఎత్తి తలకిందులు చేసి, దులిపి, కీల మధ్య దుమ్మును చున్నీ కొనతో తుడిచి పెట్టేది. నా అక్షరాలు అంత శుభ్రంగా ఎప్పుడూ లేవు.

కథ ఒక్కసారి చెప్పలేదు. ఆరు నెలల మీద, ముక్కముక్కగా చెప్పింది.

పుత్తూరు దగ్గరి ఒక పల్లె వాళ్లది. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి పదో తరగతి పాసయింది. చిన్నమ్మాయి, అంటే ఈమె, ఏడోతరగతిలో బడి మానేసింది. పాసయిన సంవత్సరమే పెద్దమ్మాయి విషజ్వరంతో పోయింది. వాళ్ల నాయన పంచాయతీలో చావు రాయించడానికి పోయి, చిన్నమ్మాయి పేరు రాయించి వచ్చాడు. పదోతరగతి పాసయిన పేరును చంపుకోలేకపోయాడు. అప్పటినుంచి కాగితం మీద పోయింది చెల్లెలు, బతికింది అక్క. శ్రీసిటీలో ఫ్యాక్టరీలు వచ్చి, పదోతరగతి ఉంటే చాలన్నప్పుడు, ఈమె అక్క సర్టిఫికెట్‌తో, అక్క పేరుతో పనిలో చేరింది. నాయన పోయాక ఇల్లు నడిచింది ఆ పేరుమీదే.

"మీ అమ్మ నిన్ను ఏమని పిలుస్తాదమ్మా?" అని అడిగాను.

"అక్క పేరుతోనే. ఎవురి ముందరన్నా నోరు జారుతాదేమో అని ఇంట్లో కూడా అట్టే అలవాటు చేసుకునింది. పెండ్లి మాటొస్తే పత్రికలో ఏ పేరేయల్ల అని ఆలోచనలో పడతాది. అట్టే ఏండ్లు అయిపోయినాయి."

బెదిరించినవాడు అదే ఊరివాడు. ఆమె అక్కతో ఒకే తరగతిలో చదివాడు. ఇప్పుడు ఫ్యాక్టరీ బస్సుకు ఇన్‌చార్జి. పొద్దున బస్సెక్కేటప్పుడు పేర్లు పిలిచి గుర్తులు పెట్టుకునేది వాడే. ఆమె అక్క పేరును రోజూ పిలిచి, రోజూ ఒక చిన్న నవ్వు నవ్వేవాడు. వాడి తల్లి మంచాన పడింది. పెళ్లాం పుట్టింటికి పోయి తిరిగి రాలేదు. ఒక ఆదివారం ఆమెను ఇంటికి పిలిచి, తల్లి మంచం పక్కనే నిలబడి, వారానికొకరోజు వచ్చి తల్లికి నీళ్లు పోసి, వండిపెట్టి పొమ్మన్నాడు. లేకపోతే ఆఫీసులో నోరు తెరుస్తానన్నాడు. ఒకే ఒక్కసారి అన్నాడు. మళ్లీ అనే అవసరం రాలేదు. శనివారం సాయంత్రం బస్సు దిగేటప్పుడు అందరి ముందరా పరామర్శించేవాడు: "మీ చెల్లెలు పోయి ఎన్నేండ్లయిందిమే? పాపం, మంచి పిల్ల."

రూపాయి అడగలేదు. చెయ్యి వేయలేదు. ఆదివారం తీసుకున్నాడు.

ఒకరోజు ఆమెను మా వకీలు సారు దగ్గరికి తీసుకుపోయాను. పెద్దాయన. క్రిమినల్ కేసులు ముప్పై ఏళ్లుగా చూస్తున్నవాడు. అంతా విని, మూడు వేళ్లు చూపించాడు.

"బెదిరింపు ఉండల్లమ్మా. దానికి నువ్వు భయపడి ఉండల్ల. ఆ భయంతో నీ చేతిలోంది ఏదో వాడి చేతిలోకి పోయుండల్ల. ఏం పోయింది?"

"ఆదివారాలు సార్."

ఆయన మూడో వేలు మడిచేశాడు. "ఆదివారం ఆస్తి కాదమ్మా. బెదిరించి గుంజుకున్న నేరం కింద రాదు. బెదిరించి, నీకిష్టంలేని పని చేయించినాడని పెట్టొచ్చు. అది దానికంటే చిన్నది. అయినా పెట్టొచ్చు."

"వాడు సెప్తాననేది నిజమే కద సార్. నిజం సెప్తానంటే తప్పు అయితాదా?"

"నిజం సెప్తానని బెదిరించినా తప్పే. కానీ ఆ నిజమేందో అర్జీలో మనమే రాసియ్యల్ల. రాస్తే నీ మీద ఇంకో కేసు. నీ కాగితంలో ఖాళీలుండాయే, అవి నింపినరోజు నీ ఉద్యోగం పోతాది."

ఆమె శనివారం పరామర్శను ఫోన్లో రికార్డు చేసి తెచ్చింది. ఆయన రెండుసార్లు విన్నాడు. "ఏమప్పా, వీడెవుడో బంగారట్టా మనిషి మాదిరి మాట్లాడతాండాడే!" అన్నాడు నా వైపు చూసి. "ఆ మొదటి మాట, నోరు తెరస్తానన్న మాట, ఎవురైనా విన్నారా?"

"వాళ్లమ్మ వినింది సార్."

ఆయన చేతులు ఎత్తేశాడు. కన్నకొడుకు మీద తల్లి సాక్ష్యం చెప్తుందని ఏ వకీలూ కలగనడు.

ఆ ముసలమ్మ గురించి ఆమె నాకు ముందే చెప్పింది. చెప్తూ సిగ్గుపడింది. "మొదట నాలుగు వారాలు ఏడ్చుకుంటా పోయినానన్నా. అయిదో వారం ఆయమ్మకు తల దువ్వుతా ఉంటే నన్ను పిలిచింది. నా పేరుతో. చిన్నప్పుడు నన్ను సూసింది కదా, ఆయమ్మకు కాగితాలు తెలీదు. ఎన్నేండ్లకో ఇన్నా నా పేరు. వెంటనే తిరిగినా. వారానికి ఒకరోజు నేను నేనుగా ఉంటానన్నా. అదీ వాడి ఇంట్లో."

అప్పుడు అర్థమైంది, పిలిస్తే ఆలస్యంగా ఎందుకు తిరుగుతుందో. అర్జీలో 'బలవంతముగా' ఎందుకు నిలవలేదో కూడా.

అలాగే సాగిపోయేదేమో. రెండేళ్ల కిందట ఫ్యాక్టరీలో పని పెరిగి ఆదివారాలు కూడా షిఫ్టులు వేశారు. రానివాళ్లు పనే మానుకోవచ్చన్నారు. ఆమె బస్సు దగ్గర వాణ్ణి బతిమాలుకుంది. "అమ్మను ఎవురు సూస్తారు?" అన్నాడు వాడు. ఆదివారం పనికి పోతే వాడు నోరు తెరుస్తాడు, ఉద్యోగం పోతుంది. పోకపోతే ఫ్యాక్టరీ తీసేస్తుంది, ఉద్యోగం పోతుంది. రెండు వారాలు జ్వరమని చీటీ పెట్టింది. మూడోవారం నా అంగడికి వచ్చి, "ఖాళీలు నింపన్నా," అంది. "వాళ్లమ్మ సెప్తానంటాండాది."

నేను నమ్మలేదు. వకీలు సారు కూడా నమ్మలేదు. నన్ను పోయి రాసుకొని రమ్మన్నాడు. వాడు తిరుపతికి పోయిన ఒక ఆదివారం పొద్దున ఆ ఇంటికి పోయాను. ముసలమ్మ మంచంలో దిండ్లకు ఆనుకొని ఉంది. తల నున్నగా దువ్వి, కనకాంబరాలు పెట్టి ఉన్నాయి. అవి ఎవరు పెట్టారో వేరే చెప్పాలా.

"ఏమప్పా, కోర్టోడివి నువ్వేనా?"

"కోర్టుకు ఎదురుగా ఉండేవాణ్ణమ్మా."

"ఎదురుగా ఉంటేనే బాగా కనపడతాది. లోపలుండేటోళ్లకు ఏం తెలుస్తాది? రాసుకో. నేను కన్న కొడుకే. ఇదో, ఈడ నిలబడినాడు. 'ఆదివారం రాకపోతే ఆఫీసులో నోరు తెరస్తా' అన్నాడు ఈ బిడ్డను. నా చెవులు బాగుండాయి. కాళ్లే పోయినాయి. రాసినావా?"

"రాసినానమ్మా. మేజిస్ట్రేటుకు సెప్పల్లంటే సెప్తావా?"

"ఆయప్ప ఈడికొస్తే సెప్తా. నేను యాడికి పోయేది?" తర్వాత గొంతు తగ్గించింది. "వాణ్ణి జైల్లో ఏస్తారా?"

"తెలీదమ్మా."

"ఏస్తే నాకు కూడెవురు పెడతారప్పా?"

వంటింట్లో నుంచి ఆమె అరిచింది: "నేను పెడతాలేవ్వా! నువ్వు మందు మింగు ముందు."

ముసలమ్మ పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. బెదిరించినవాడు జైలుకు పోయాక కూడా ఈమె ఆదివారం రావడానికి సిద్ధంగా ఉంది. ఇక కోర్టులో వాడు బలవంతం చేశాడని ఎలా నిలబెట్టాలి?

అయినా వకీలు సారుకు ఉత్సాహం వచ్చింది. మంచంలో ఉన్న సాక్షి దగ్గరికి కోర్టువాళ్లనే పంపించి సాక్ష్యం రాయించుకోవచ్చన్నాడు. ఆమె చేసిన తప్పుకు బతకడానికి చేసిందని దయ చూపించమని అడగవచ్చన్నాడు. వచ్చే సోమవారం అర్జీ ఇద్దామన్నాడు. ఖాళీలు నింపి ప్రింటు తీశాను. ఆమె ట్యూబులైటు కింద వాలుగా తిప్పి చూసింది. "పాస్," అంది. మూడేళ్లలో ఆ ఫైలుకు వచ్చిన మొదటి పాస్.

సోమవారం అర్జీ ఇవ్వలేదు. దానికి కారకుల్లో నేనొకణ్ణి.

కోర్టంటే ఆమె తల్లి హడలిపోయింది. ఊరి పెద్దమనిషి ఒకాయన, కోర్టెందుకు, వాణ్ణి కాణిపాకం రమ్మందాం అన్నాడు. మా వైపు ఇది కొత్త మాట కాదు. గట్టు తగాదా అయినా, దొంగతనం మాటైనా, కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అని అడుగుతారు. తలకు నీళ్లు పోసుకొని తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి అబద్ధమాడినవాడి ఇంట్లో మూడు నెలల్లో ఏదో ఒకటి జరిగి తీరుతుందని నమ్మకం. అందుకే అబద్ధమాడేవాడు ఆ గుడిదాకా రాడు. రానంటే ఓడినట్టే. ఊరంతా ఒప్పుకుంటుంది. కాగితం అక్కర్లేదు, ఖాళీలు నింపే పని లేదు.

ఆమె వచ్చి నన్ను అడిగింది. "ఏం చేయమంటావన్నా?"

"మంచిదే కదమ్మా," అన్నాను. "వాయిదాలు లేని కోర్టు అదొక్కటే. వాడు రాడు, చూడు. రాకపోతే ఊరే వాడి నోరు మూయిస్తాది."

ఇరవై రెండేళ్లు కోర్టు ముందు కూర్చొని, అబద్ధం చెప్పడానికి వచ్చినవాళ్లను రోజూ చూస్తూ, వాడు రాడని చెప్పాను.

వాడు వచ్చాడు. అందరికంటే ముందు వచ్చాడు. అది శనివారం. కొత్త పంచె, నుదుట విభూతి. ఆమె, ఆమె తల్లి, పెద్దమనిషి, నేను చిత్తూరు మీదుగా బస్సులు మారి చేరేసరికి నీళ్లు పోసుకొని తడిబట్టలతో సిద్ధంగా ఉన్నాడు. గొంతు వణకలేదు. "ఈ పిల్లను నేనెప్పుడూ బెదిరించలేదు. మా అమ్మకు సేవ చేసింది తన ఇష్టంతోనే," అన్నాడు.

నేను ఆమె ముఖం చూశాను. మొదటి మాటకు పళ్లు బిగించింది. రెండో మాటకు తల దించుకుంది.

బయటికి వచ్చాక వాడు అందరికీ లడ్డూ పంచాడు. ఆమె చేతిలోనూ ఒకటి పెట్టి, మామూలు గొంతుతో అన్నాడు: "రేపు ఆదివారంమే. అమ్మ కాసుకోనుంటాది."

మరునాడు ఆమె వాళ్లింటికి పోయింది. ముసలమ్మకు ప్రమాణం సంగతి తెలిసింది. కోప్పడలేదట. "పిచ్చిదానా," అని నెత్తిన చెయ్యేసి, "వాడింట్లో జరగల్లంటే నేనొకదాన్నేగదే ఉండేది," అందట. నాకు ఆ మాట చెప్పి ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మూడు నెలలు కానియ్యి, అప్పుడు అర్జీ ఇద్దాం అని తల్లీ ఊరూ అన్నారు. దేవుడి దగ్గర పెట్టిన మాట గడువు ముగియకముందే పోలీసుల దగ్గరికి పోతే దేవుణ్ణి నమ్మనట్టవుతుంది. వకీలు సారు తల కొట్టుకున్నాడు. ఆమె ఆదివారాలకు సెలవులు పెట్టి, జీతం కోత పెట్టించుకొని, హెచ్చరిక కాగితాలు తీసుకుంటూ నెట్టుకొచ్చింది. నా దగ్గరికి వచ్చి గోడమీది క్యాలెండరు చూసి పోయేది. ఫైలు తెరవమనలేదు.

పదకొండోవారంలో ముసలమ్మ చనిపోయింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము. డెబ్బై దాటిన మనిషి, ఏళ్ల తరబడి మంచంలో ఉన్న మనిషి.

ఊరు మాత్రం వేరేలా చదివింది. "సూసినారా, తగిలింది!" అన్నారు. "అబద్ధమాడినాడు, తల్లిని తినేసినాడు." నిన్నటిదాకా ఆమెను నమ్మనివాళ్లు కూడా ఇంటికి వచ్చి చేతులు పట్టుకున్నారు. వాడు బెదిరించాడని రుజువైపోయింది. ఊళ్లో ఏ ఒక్కరికీ అనుమానం మిగల్లేదు. ఆ రుజువుతోనే కోర్టుకున్న ఒక్క సాక్షీ కాటికి పోయింది.

నేను రాసుకున్న కాగితం వకీలు సారు ముందు పెట్టాను. ఆయన చదివి మెల్లగా వెనక్కి తోశాడు. "సాక్షంటే నోరుండల్లప్పా. ఎదురు ప్రశ్నేస్తే జవాబు చెప్పల్ల. నీ కాగితం చెప్తాదా?"

తల్లి పోయాక వాడికి ఆదివారాలతో పని లేకపోయింది. ఊరు ముఖం మీదే తలుపులు వేస్తుంటే, దాచిపెట్టడానికీ ఏమీ లేకపోయింది. ఒకరోజు బస్సులో, అందరూ ఉండగా, అరిచి చెప్పేశాడు. వారంలో ఫ్యాక్టరీవాళ్లు ఆమెను పిలిచి సర్టిఫికెట్ అడిగారు, కార్డు తీసుకున్నారు, రేపటినుంచి రావద్దన్నారు. కేసు పెట్టలేదు. అది దయ అని అందరూ అన్నారు.

తర్వాత ఆమె నా అంగడికి రాలేదు. పోయిన ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, బస్టాండులో కనబడింది. చేతిలో అన్నం క్యారియరు. ముఖం పాలిపోయి ఉంది. ఎండ అనుకున్నాను.

"నగరిలో మరమగ్గాల కాడ చేరినానన్నా. దారాలు సుట్టేది. సర్టిఫికెట్ అడగరు."

"ఏం పేరు చెప్పినావమ్మా ఆడ?"

"ఎవురూ అడగలేదు. 'ఏమ్మే' అంటారు. తిరగతాను."

నగరి బస్సు ఇంకా రాలేదు. నీడలో నిలబడ్డాం. ఆమే అంది:

"ఆదివారం సెలవేనన్నా ఇప్పుడు. ఏం చేయల్లో తెలీదు. ఆ ఏళకు ఆయమ్మకు తల దువ్వేదాన్ని."

క్యారియరును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఒకటి అడగతా, దాయకుండా సెప్పు. వాణ్ణి కాణిపాకం రమ్మనింది నేనే కదా. వాడు అబద్ధమాడతాడని నాకు తెలుసు. ఆడితే ఇంట్లో ఎవురికో ఒకరికి తగలతాదని తెలుసు. ఆ ఇంట్లో ఎవురుండారో కూడా తెలుసు. తెలిసే రమ్మన్నా. ఆయమ్మను నేనే చంపినట్టు కదన్నా?"

"డెబ్బై దాటిన మనిషమ్మా. నెమ్ము చేసిందని డాక్టరు రాసిచ్చినాడు."

"డాక్టరు మాట డాక్టరుది. నువ్వు నమ్మతావా లేదా, కాణిపాకం?"

నమ్మను అంటే, నమ్మకుండానే నన్నెందుకు పొమ్మన్నావు అని అడుగుతుంది. నమ్ముతాను అంటే ఆ చావు ఆమె చేతికి అంటుకుంటుంది. ఊళ్లోవాళ్లందరి కష్టాలకూ నా దగ్గర నమూనాలుంటాయి. దీనికి లేదు. దిక్కుతోచక నా వృత్తి మాటల వెనక దాక్కున్నాను.

"ఊరికే అనుకుంటే అయిపోదమ్మా. దేనికైనా రుజువు కావల్ల. సాక్షుండల్ల."

ఆమె నన్ను జాలిగా చూసింది.

"తప్పు ఒప్పుకునేదాన్ని నేనుండాను కదన్నా. ఇంక సాక్షెందుకు?"

నేరం ఒప్పుకున్నాక సాక్షులను పిలవరు. నాకు తెలిసిన చట్టమే అది. ఇంతలో నగరి బస్సు వచ్చింది, ఆమె ఎక్కి వెళ్లిపోయింది.